పెయింటు డబ్బాల మీద టోపీ

నా జ్ఞాపకశక్తిని నేను సంపూర్ణంగా నమ్మను. ఈ మాట ముందుగా చెప్పడం ధర్మం గనక చెబుతున్నాను. ఆ విదేశీయుడు నా ఇనుప సామాను కొట్టుకు వచ్చినప్పుడు వాన పడుతూ ఉన్నదా, పడి వెలిసిందా అన్నది ఇప్పుడు నిశ్చయంగా చెప్పలేను. ఆయన ఒక్కడే వచ్చాడా, భార్య కూడా వచ్చిందా అన్న విషయంలోనూ సందేహం ఉన్నది. ఒక్కోసారి తలుచుకుంటే ఆవిడ పక్కనే నిలబడి ఉంటుంది, ఒక్కోసారి ఉండదు. యాభై దాటిన మనిషికి జ్ఞాపకం వీధి కుళాయి వంటిది. వచ్చినప్పుడు పట్టుకోవాలి, రంగు అడగకూడదు. అయితే జ్ఞాపకం బలహీనమైనంత మాత్రాన జరిగినది జరగకుండా పోదు, కన్నారావూ. ఆ సంగతి కూడా ముందుగానే చెబుతున్నాను.

"మొదలెట్టీశాడు," అన్నాడు కన్నారావు, ఆటో తాళం టీ కొట్టు బల్ల మీద పడేసి. "కాశమ్మా, నా రెండో టీ కూడా ఇప్పుడే పెట్టీ. గోపీ బావ రేడియో తెలుగులోకి దిగాడంటే తొందరగా తెమలదు."

పెట్టు, కాశమ్మా. నాకు మాత్రం పంచదార వేయకు. ఈ కథ నేను కన్నారావు కోసం చెప్పడం లేదు. నీ కూతురి కోసం చెబుతున్నాను. సంగతి మనందరికీ తెలిసినదే అయినా ఒకసారి వరసగా చెప్పుకుంటే మేలు. భాను నాలుగేళ్ళుగా నీల్ దీవికి వెళ్ళే ప్రైవేటు పడవలో పనిచేస్తున్నది. జనాన్ని కూర్చోబెట్టడం, సంచులు సర్దించడం, లైఫ్ జాకెట్లు కట్టించడం ఆమె పని. ఇప్పుడు మైకు పట్టుకుని ఇంగ్లీషులో జాగ్రత్తలు చెప్పే ఉద్యోగం ఖాళీ అయింది. పోయినసారి ఆఫీసర్లు గదిలోకి పిలిచి, లైఫ్ జాకెట్లు ఎక్కడ ఉంటాయి అని అడిగారు. ప్రతి జాకెట్టునూ పేరు పెట్టి పిలవగల పిల్ల, నోరు మెదపలేదు. రేపు పొద్దున్న మళ్ళీ రమ్మన్నారు. ఈసారి కూడా మెదపకపోతే మైకు ఇంకెవరికో ఇచ్చి, ఈమెను తీసుకువచ్చి ఒడ్డున టికెట్ కౌంటర్‌లో కూర్చోబెడతామన్నారు. ఫ్యాను, కుర్చీ, కిటికీ. నీళ్ళ మీద తప్ప కాలు నిలవని మనిషికి ఇంతకన్నా పెద్ద శిక్ష నాకు తోచడం లేదు.

"అందుకే మావయ్యా, నాకు కథ వద్దు," అంది భాను. "సీటు కింద అనడానికి అండర్ అనాలా, బిలో అనాలా, బినీత్ అనాలా, బస్, అంతే, అదొక్కటి చెప్పండి. మిగతా అంతా వస్తాది. ఆ చిన్న మాట దగ్గరే గొంతు పట్టీస్తాది. మొన్న కూడా ఇలా సీటు, ఇలా కింద, జాకెట్టు ఇలా ఉంటే…"

"ఆ చేతులు దించవే," అంది కాశమ్మ, పాలు తిప్పుతూ. "పెద్దాళ్ళతో మాట్లాడినప్పుడు చేతులు కట్టుకోవాలని ఎన్నిసార్లు చెప్పాలి?"

భాను చేతులు కట్టుకుంది. ఆమె చెప్పబోయిన మాట అక్కడితో ఆగింది.

ప్రిపొజిషన్ అడిగావు. సబబైన ప్రశ్న. పెద్ద మాటలతో మనిషికి ప్రమాదం లేదు, భానూ. డిక్షనరీ తెరిస్తే అవి తమ కులగోత్రాలు తామే చెప్పుకుంటాయి. ఈ చిన్న మాటలే ఎవరికీ లొంగవు. మన తెలుగులో ఇవి మాట వెనక తోకలా అంటుకుని వస్తాయి. పడవలో, పడవ మీద, పడవ దగ్గర. ముందు పడవను చూస్తాం, దానితో మనకేం పనో ఆ తర్వాత తీరిగ్గా నిర్ణయించుకుంటాం. ఇంగ్లీషువాడు అలా కాదు. పడవ ఇంకా కనబడకముందే, తాను దాని లోపలా, పైనా, పక్కనా అన్నది తేల్చుకుని నోరు తెరుస్తాడు. అంత తొందర ఎందుకని నేను చాలా కాలం ఆలోచించాను. చివరికి నాకు తోచిన సమాధానం ఇది: ఓడలెక్కి తిరిగిన జాతి గనక, కాలు ఎక్కడ పెడుతున్నామో ముందుగా చెప్పుకోకపోతే నీళ్ళలో పడతామని వాళ్ళ భయం.

ఆ సూక్ష్మం గ్రహించిన తర్వాత సాధన మొదలుపెట్టాను. కొట్టులో గిరాకీ లేని వేళ మేకుల ముందు, గొళ్ళేల ముందు, సిమెంటు బస్తాల ముందు ఒక్కొక్క చిన్న మాట పెట్టి చూసుకునేవాణ్ణి. సరైన మాట పడితే వస్తువు ఉన్నచోట కుదురుగా ఉండేది. తప్పు మాట పడితే మర్నాటికి కాస్త జరిగి ఉండేది.

"ఎలకలు బావా," అన్నాడు కన్నారావు.

ఎలకలు సిమెంటు బస్తా జరపవు, కన్నారావూ. నువ్వు ఆటో నడిపేవాడివి. బరువు సంగతి నీకు తెలియాలి.

ఇక ఆ విదేశీయుడి విషయం. నైలాను తాడు కోసం వచ్చాడు. తాడు గట్టిదనం చూడడానికి రెండు చేతులూ కావలసి వచ్చి, టోపీ తీసి ఎక్కడో పెట్టాడు. పెట్టి మరిచిపోయాడు. తల తడుముకున్నాడు. జేబులు తడుముకున్నాడు. అంత టోపీ జేబులో పట్టదన్న సంగతి ఆ క్షణాన ఆయనకు స్ఫురించలేదు. నా టోపీ ఎక్కడ అని నన్ను ఇంగ్లీషులో అడిగాడు. టోపీ పెయింటు డబ్బాల మీద ఉన్నది. నేను లేచి నిలబడ్డాను. ఒక్క వాక్యం. ఇటు టోపీ, అటు పెయింటు డబ్బాలు, రెంటికీ నడుమ ఒక చిన్న మాట. ఆయన తిరిగి చూశాడు. టోపీ దొరికింది. పెట్టుకున్నాడు. పెట్టుకున్న టోపీని నా గౌరవార్థం మళ్ళీ తీశాడు.

"ఇంతవరకూ నమ్మొచ్చు," అన్నాడు కన్నారావు. "ఇక్కడితో ఆపీ బావా, నీకు పుణ్యముంటాది."

ఆపడానికి లేదు. ఆయన ఏమన్నాడో తెలుసా? ఇల్లు విడిచి అనేక దేశాలు తిరిగానని, తమ దేశంలోనే ఆ చిన్న మాటను ఇంత కుదురుగా కూర్చోబెట్టేవాళ్ళు కరువైపోయారని అన్నాడు. కంఠం కాస్త గద్గదమైంది. తాడు చుట్ట మొత్తం కొనుక్కుని వెళ్ళాడు. అంత తాడుతో ఆయనకు పని లేదు. అభిమానం.

"ఏ మాట పెట్టారు మావయ్యా?" అంది భాను.

చెబుతాను. అయితే మందు పేరు తెలుసుకునే ముందు దాని గుణం తెలుసుకోవాలి. ఆ గుణం ఎక్కడి దాకా పాకిందో విను.

ఆ విదేశీయుడు వెళ్ళిన ప్రతి చోటా నా సంగతి చెప్పాడు. నెల తిరగకుండా జెట్టీ నుంచి నా కోసం మనిషి వచ్చాడు. విశాఖపట్నం నుంచి వచ్చిన ఓడ పొద్దున్న నుంచి బయటి నీళ్ళలోనే నిలబడి ఉన్నది. జెట్టీ ఖాళీగా ఉన్నది, సముద్రం నెమ్మదిగా ఉన్నది, అయినా ఓడ రాదు. కారణం ఏమిటి? మైకులో పిలిచేవాడెవరో కొత్తవాడు, ఓడకూ జెట్టీకీ నడుమ పెట్టవలసిన చిన్న మాటకు బదులు ఇంకొకటి పెట్టాడు. ఆ కెప్టెన్ భాషకు కట్టుబడిన మనిషి. ఏ మాట విన్నాడో ఆ మాట ప్రకారం నిలబడ్డాడు. జనం డెక్కు మీద నిలబడి ఎవరి ఇల్లు వాళ్ళు చూసుకుంటున్నారు. ఇంట్లో అన్నం వార్చడం కూడా కనబడుతున్నది, దిగి తినడానికి మాత్రం లేదు. చుట్టాల కోసం తెచ్చిన మాడుగుల హల్వా పెట్టెల్లోనే నెయ్యి వదులుతున్నది.

నేను మైకు పుచ్చుకున్నాను. కొంతసేపు ఏమీ అనలేదు. మౌనం కూడా వాక్యంలో భాగమే. ఆ తర్వాత మాట మార్చి పెట్టాను. ఓడ జరిగింది. ముందుకు కాదు, పక్కకు. వంటింట్లో పీట జరిపినట్టు జరిగి జెట్టీకి ఆనుకున్నది. ఎంత మెత్తగా ఆనుకున్నదంటే, ఓడ ఆగిన సంగతి లోపలివాళ్ళకు తెలియలేదు. ఇద్దరు ముగ్గురు ఇప్పటికీ దిగలేదని వినికిడి. ఇంకా ప్రయాణంలోనే ఉన్నామనుకుంటున్నారు.

"పాపం, మరి వాళ్ళకి భోజనం?" అంది కాశమ్మ.

ఓడలోనే పెడుతున్నారు. చేపల కూర బాగుంటుందట. దిగకపోవడానికి అది కూడా ఒక కారణం కావచ్చు.

ఆ తర్వాత ఏమైందో తెలుసా? మనుషుల దాకా వచ్చిన పేరు జంతువుల దాకా వెళ్ళింది. తుష్నాబాద్ వైపు గేదెల జోగులు మీకు తెలుసు. ఒకనాటి మధ్యాహ్నం అతడి గేదె వెనక కాలు క్రీకు పాయలో మొసలి నోట్లో ఉన్నది. గట్టు మీద జనం కర్రలు పుచ్చుకుని హిందీలో అరుస్తున్నారు, బెంగాలీలో అరుస్తున్నారు, జోగులు తెలుగులో అరుస్తున్నాడు. మొసలి వినిపించుకోలేదు. వినిపించుకోదు. ఆ క్రీకు మొసళ్ళు బ్రిటిషువాళ్ళ హయాం నుంచీ ఉన్న వంశం. ఆ రోజుల్లో ఈ నీళ్ళ మీద పెత్తనమంతా ఇంగ్లీషులో సాగింది. తాతల నాటి నుంచీ వాటి చెవికి వేరే భాష ఆనదు.

"మొసలికి చెవులుంటాయేటి?" అన్నాడు కన్నారావు.

ఇంగ్లీషు వినడానికి చాలినంత ఉంటాయి. నేను గట్టు అంచున నిలబడి, గేదె కాలు, నీ నోరు, రెంటికీ నడుమ ఒక చిన్న మాట, అంతే పలికాను. అందులోని ప్రమాదం ఎంతటిదో మీరు ఆలోచించాలి. ఆ మాటకు బదులు దాని తోడబుట్టిన మాట పడి ఉంటే, గేదె మొత్తం లోపలికి పోవలసి వచ్చేది. అప్పుడు మొసలిని తప్పుపట్టడానికి ఉండదు. మొసలి కళ్ళు మూసుకుని వాక్యాన్ని ఒకసారి మనసులో అన్వయించుకున్నది. నోరు తెరిచింది. గేదె బయటికి వచ్చింది. అయితే నేను చెప్పిన మాట గేదెకు ఒక్కదానికే వర్తిస్తుందని మొసలికి తోచలేదు. లోపల ఉన్నవన్నీ వరసగా గట్టు మీద పెట్టడం మొదలుపెట్టింది. ఒక రబ్బరు చెప్పు, వలిచిన కొబ్బరికాయలు, పోయిన వారం మింగిన కుక్క, మూత ఊడని స్టీలు క్యారియరు. కుక్క ఒళ్ళు దులుపుకుని ఇంటికి వెళ్ళిపోయింది. క్యారియరు జోగులు ఇంట్లో ఉన్నది.

"అందులో కూరేటన్నయ్యా?" అంది కాశమ్మ.

వంకాయ. చెడలేదు.

"మావయ్యా, ఆ మాట…" అంది భాను. కట్టుకున్న చేతులు కట్టుకున్నట్టే ఉన్నాయి. ఆ పైన మాట రాలేదు.

మాట అన్నావు, సంతోషం. అయితే మొసలి విన్నదంటే అది భూమ్మీద జంతువు, బెదిరి ఉంటుందని అనుకోవచ్చు. తుఫాను ఎవరికి బెదురుతుంది? ఆ ఏడు బంగాళాఖాతంలో గాలివాన పుట్టిందని వార్త వచ్చింది. నేను కొట్టులో కూర్చుని రేడియోలో విన్నాను. వార్త చదివినవాడు తుఫానుకూ మన దీవికీ నడుమ పెట్టిన చిన్న మాట వినగానే నా గుండె జారింది. ఆ మాట ప్రకారం అది తిన్నగా మన ఆస్టినాబాద్ పైకే రావాలి. వేరే అర్థం తీయడానికి ఆస్కారమే లేదు. వెంటనే ఫోను చేశాను. బాబూ, నువ్వు అన్నది ఇది, అనవలసినది అది, తర్వాతి వార్తలో మార్చి చదువు అన్నాను. మంచివాడు, చదివాడు. తుఫాను సముద్రం నడుమ ఆగిపోయింది.

"అంటే తుఫాను వార్తలు వింటాదన్నమాట," అన్నాడు కన్నారావు.

తన గురించి చెబుతుంటే ఎవరు వినరు, కన్నారావూ? ఆగింది. వాక్యం మారిందని గ్రహించింది. మన మీదుగా రావలసినది మన పక్కగా వెళ్ళిపోయింది. అలలు కూడా రేషను షాపు దగ్గర నిలబడినట్టు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి, ఒకదాన్నొకటి తోసుకోలేదు. వెళ్తూ వెళ్తూ మిన్నీ బేలో ఎవరో ఆరేసిన దుప్పటి ఎగరేసుకుపోయిందని, మర్నాడు మడత పెట్టి గేటు మీద ఉంచి వెళ్ళిందని విన్నాను. దుప్పటి సంగతి నేను కంటితో చూడలేదు. చూడనిదాన్ని చూశానని చెప్పడం నా స్వభావం కాదు.

"దుప్పటి ఇస్తిరీ చేసి ఉందా?" అన్నాడు కన్నారావు.

అడగలేదు.

ఇక్కడికి మీరు నన్ను నమ్ముతున్నారో లేదో నాకు తెలియదు. నమ్మకపోయినా నొచ్చుకోను. అయితే ఒక్కసారి బయటికి చూడండి. కాశమ్మ ఇప్పుడే లైటు వేసింది. ఇంకా ఐదున్నర కూడా కాలేదు, రోడ్డు మీద మనిషి మొహం ఆనడం లేదు. మెయిన్‌లాండ్‌లో ఈ వేళకు పిల్లలు ఇంకా బంతి ఆడుకుంటూ ఉంటారు. మనకెందుకు ఇంత పెందరాళే చీకటి? తూర్పున ఉన్నాం గనక అని స్కూల్లో చెబుతారు. స్కూల్లో ఏది చెప్పినా పిల్లల స్థాయికి కుదించి చెబుతారు. జరిగినది వేరు.

ఒక సాయంత్రం కొట్టు అరుగు మీద కూర్చుని, సూర్యుడికీ ఎదురుగా ఉన్న కొండకీ నడుమ ఏ చిన్న మాట అతుకుతుందో పరీక్షగా చూస్తున్నాను. సాధన, అంతే, దురుద్దేశం లేదు. ఒక మాట పెట్టాను. సూర్యుడు కొండ వెనక్కి వెళ్ళిపోయాడు. అప్పటికి ఇంకా పొద్దు చాలా ఉన్నది. పక్షులు గూళ్ళకు వెళ్ళాలో వద్దో తేల్చుకోలేక తీగల మీద కూర్చున్నాయి. వెనక్కి పిలవడానికి వేరే మాట ఉన్నది, అదీ నాకు తెలుసు. కాని ఆ సమయానికే ఎవరో రేకుల మేకులకు వచ్చారు. తూచి, పొట్లం కట్టి ఇచ్చేసరికి ఆలస్యమైపోయింది. మర్నాటి నుంచి సూర్యుడికి అదే అలవాటైంది. దీవుల వాళ్ళందరికీ అసౌకర్యం కలిగించాను. కరెంటు ఖర్చు కూడా పెరిగింది. ఆ చింత నాకు లేకపోలేదు.

కన్నారావు గ్లాసు కింద పెట్టాడు.

"మావయ్యా," అంది భాను. చేతులు ఎప్పుడు విప్పుకుందో ఎవరూ చూడలేదు. "టోపీ ఇదిగో, పెయింటు డబ్బాల మీదుంది. ఠీక్ హై. ఓడ ఇలా పక్కకొచ్చి, ఇలా జెట్టీకి ఆనింది. మొసలి ఇలా నోరు తెరిచింది, గేదె ఇట్నుంచి బయటికొచ్చీసింది. తుఫాను మన పక్కనుంచి ఇలా పోయింది. సూర్యుణ్ణి కూడా కొండ వెనక్కి తోసీశారు. ఇంత పని చేసిన ఆ మాట ఒక్కసారైనా పలికారా మీరు? ఇందాకట్నుంచి వింటన్నాను. చిన్న మాట, చిన్న మాట అంటారు, ఆ చిన్న మాటేటో ఒక్క చోటా చెప్పలేదు. మీకు తెల్దు కదా మావయ్యా?"

కన్నారావు వెంటనే నవ్వలేదు. టోపీ దగ్గర నుంచి సూర్యుడి దాకా మనసులో ఒకసారి వెళ్ళి వచ్చినట్టున్నాడు. "సచ్ బాత్," అన్నాడు. "ఒక్కటీ చెప్పలేదు. ఇన్నాళ్ళూ ఇన్నిసార్లు విన్నాను, నాకే తట్టలేదు."

"ఏటే ఆ చేతులు," అంది కాశమ్మ, గరిట పక్కన పెట్టి. "పెద్దమనిషి మొహం మీదకి చేతులు తెచ్చి అడుగుతావా? కట్టుకో."

భాను కట్టుకుంది. "రేపు గానీ నన్ను…" అంది. ఆగిపోయింది. నోరు తెరిచే ఉన్నది, అందులోంచి ఏమీ రాలేదు.

ఆగు, కాశమ్మా. నా సంగతి తర్వాత తేల్చవచ్చు. ఇప్పుడు ఇక్కడ ఏం జరిగిందో చూశావా? నేను ఇంతకుముందు కూడా చూశాను, చూసి ఊరుకున్నాను. మనిషి తన కథ తాను వింటూ ఉన్నప్పుడు కళ్ళు సరిగ్గా పనిచేయవు. భానూ, ఒక్క సంగతి చెప్పు. పోయినసారి ఆ గదిలో ఎలా నిలబడ్డావు?

"చేతులు కట్టుకుని," అంది భాను. "అమ్మ చెప్పి పంపింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు."

"మరి?" అంది కాశమ్మ. "అంత పెద్దాఫీసర్ల ముందు చేతులూపుకుంటా నిలబడితే ఏమనుకుంటారు? ఈ టీ కొట్టు దాని పిల్లకి మర్యాద తెల్దనుకోరా?"

నువ్వు చెప్పింది న్యాయమే. నా తల్లి కూడా నాకు అదే చెప్పింది. కాని ఈ పిల్ల పని చేసే చోటు ఎటువంటిదో ఆలోచించు. ఇంజను మోతలో అక్కడ మాట వినబడదు. నాలుగేళ్ళుగా ఈమె ఎవరికి ఏం చెప్పినా ముందు చెయ్యి చెబుతుంది. ఆ సీటు నీది, సంచి ఆ కింద పెట్టు, కాలు ఇక్కడ వేయి, తాడు ఇలా లాగు. మాట ఆ చెయ్యి వెంబడి వస్తుంది. అటువంటి మనిషి చేతులు కట్టేసి, ఇప్పుడు మాట్లాడవే అంటే, తాడు విప్పకుండా పడవను బయలుదేరమన్నట్టు. భానూ, చేతులు విప్పు. నేను ఆఫీసరును. మీ అమ్మ బిస్కెట్ల డబ్బా ఎక్కడ ఉన్నది? ఇంగ్లీషులో చెప్పు.

భాను ఒక్క క్షణం తల్లి వైపు చూసింది. ఆ తర్వాత చెయ్యి బల్ల కిందికి వెళ్ళింది, దాని వెంట ఇంగ్లీషు వాక్యం వెళ్ళింది. అక్కడితో ఆగలేదు. డబ్బా మూత ఎటు తిప్పాలో చెప్పింది. అడగకుండానే లైఫ్ జాకెట్టు దాకా వచ్చింది. తల మీంచి ఎలా వేసుకోవాలో, నడుము దగ్గర ఎలా బిగించాలో, పసిబిడ్డ ఉన్న తల్లి ఏం చేయాలో, బయటికి దారి ఎటో, అంతా చెప్పి, చివరికి రెండు చేతులూ రెండు వైపులా చాచి నిలబడింది. టీ కోసం ఆగిన ఇద్దరు తమకు తెలియకుండానే ఆ చేతులు చూపిన వైపుకు జరిగారు. కన్నారావు వంగి బల్ల కిందికి చూశాడు. లేస్తూ తలకు కొట్టుకున్నాడు.

"డబ్బా ఉంది," అన్నాడు.

ఏ మాట వాడావు, భానూ? అండరా, రెండోదా, మూడోదా అని నేను అడగడం లేదు. అడగడానికి నాకు అర్హత లేదని నువ్వు తేల్చేశావు. ఊరికే తెలుసుకుందామని.

"తెల్దు," అంది భాను. "చూసుకోలేదు."

నేనూ వినలేదు. నా చూపు బల్ల కిందికి వెళ్ళింది.

కాశమ్మ చాలాసేపు ఆలోచించింది. పాలు పొంగబోతే మంట తగ్గించి, మళ్ళీ ఆలోచించింది. "ఒక చెయ్యి కట్టుకోనీ," అంది. "ఒకటి ఊపుకోనీ. మర్యాద మర్యాదకి ఉంటాది, మాట మాటకి వస్తాది."

ఒక చేతిని ఎలా కట్టుకోవాలో కన్నారావు ప్రయత్నించి చూశాడు. చంక కింద పెట్టాడు, వీపు వెనక పెట్టాడు. ఎటు చూసినా దెబ్బ తగిలిన మనిషిలా ఉన్నాడే గాని మర్యాదస్థుడిలా లేడు. కాశమ్మ చూసి పెదవి విరిచింది.

"సరేలే, రెండూ ఊపుకో," అంది కూతురితో. "నమస్తే మాత్రం ముందు పెట్టు. బల్ల మీద వాళ్ళ నీళ్ళ గ్లాసులు పడగొట్టకు."

భాను నవ్వింది. ఈ సాయంత్రమంతటికీ అదే మొదటిసారి. "అయినా మావయ్యా," అంది, "మీకు తెల్దు కదా?"

తెలుసునా తెలియదా అన్నది రేపటి పనికి అవసరం లేదు గనక, దాన్ని అలా ఉండనిద్దాం. ఆ మాటలు నేను పలకలేదని నువ్వు పట్టుకున్నావు. నిజమే, కావాలనే పలకలేదు. తెల్లారితే పరీక్ష పెట్టుకున్న మనిషి చెవిలో తప్పు మాట ఒకటి పడితే, అది అక్కడే కాపురం పెట్టేస్తుంది. అయితే కావాలని వదిలేసినది అదొక్కటే కాదు. ఓడ, మొసలి, తుఫాను, సూర్యుడు మీ ఇష్టం. నమ్మితే నమ్మండి, లేకపోతే కన్నారావును అడగండి. టోపీ మాత్రం జరిగింది. ఆయన అడిగినప్పుడు వాక్యం నా దగ్గర సిద్ధంగానే ఉన్నది. ఇటు టోపీ ఉన్నది, అటు డబ్బాలు ఉన్నాయి, నడుమ పెట్టవలసిన చోట మాత్రం మూడు నాలుగు మాటలు వచ్చి నిలబడి, నువ్వు పద అంటే నువ్వు పద అని ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి. ఆయన నా మొహం చూస్తున్నాడు. వాన ఉన్నదో లేదో తెలియదన్నాను గాని, ఆ చూపు నాకు బాగా జ్ఞాపకం. నేను నోరు విప్పలేదు, భానూ. చెయ్యి చాచి వేలితో చూపించాను. ఇన్నేళ్ళుగా ఈ కథ చెబుతూ వస్తున్నాను, ఆ వేలిని ప్రతిసారీ వదిలేస్తూ వస్తున్నాను. ఇంత పెద్ద కోతల కథలో వేలికి ఏం గౌరవం ఉంటుంది? ఆయన వేలు చూపిన వైపుకు తిరిగాడు. టోపీ దొరికింది.